మడలో నిలబెట్టిన చొక్కా

పక్షుల ఫోటోలు తీస్తామంటూ ఈమధ్య కొత్తవాళ్ళు నా దగ్గరికి వస్తున్నారు. వచ్చినవాళ్ళందరూ లెన్సు గురించే అడుగుతారు. ఏ వేళ వెలుగు బాగుంటుంది, గూటికి ఎంత దూరంలో ఉండాలి, ఇవే ప్రశ్నలు. తెలిసినంత చెబుతాను, కాఫీ ఇచ్చి పంపిస్తాను. వాళ్ళు గుమ్మం దాటాక, అసలు సంగతి చెప్పలేదే అనిపిస్తుంది. ఆ అసలు సంగతి ఇక్కడ రాస్తున్నాను.

నా సర్వీసులో బదిలీలు, ప్రమోషన్లు, ఫైళ్ళు అందరికీ ఉన్నట్టే ఉన్నాయి. అవి రాసి విసిగించను. మా ఆఫీసు పేరు కూడా రాయను, ఇప్పుడు అక్కడ పనిచేసేవాళ్ళకి ఈ గొడవతో సంబంధం లేదు. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. అప్పట్లో దాన్ని తప్పని ఎవరూ అనలేదు, పైగా మెచ్చుకున్నారు.

కొంగజపం

మాది బంటుమిల్లి దగ్గర పల్లె. నాన్న మిషను బడిలో పంతులు, ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది కూడా ఆయనే. నేను ఎస్సెల్సీ తప్పి, ఆయనకి మొహం చూపించలేక బందరు వెళ్ళి ఒక ఫోటో స్టూడియోలో చేరాను. అక్కడ నన్ను కెమెరా ముట్టుకోనిచ్చేవారు కాదు. వెనక గదిలో కిటికీ దగ్గర కూర్చుని నెగెటివులు దిద్దడం నా పని. సన్నగా చెక్కిన పెన్సిలుతో మొటిమలు, మశూచి మచ్చలు మాయం చేసేవాణ్ణి.

ఇంకో పని కూడా ఉండేది. ఆ రోజుల్లో చాలామందికి బతికుండగా తీయించుకున్న ఫోటో ఒక్కటీ ఉండేది కాదు. మనిషి పోయాక ఇంటివాళ్ళు స్టూడియోకి కబురు పెట్టేవారు. శవాన్ని గోడకి చేరగిలబెట్టి తీసిన ఫోటోలో, మూసిన కళ్ళను తెరిచినట్టు దిద్దాలి. ఆ పనిలో నా చెయ్యి బాగా తిరిగింది. దేవదానం కళ్ళు తెరిపించాడంటే మనిషి లేచి మాట్లాడేలా ఉంటుందని మా ఓనరు గారు వచ్చినవాళ్ళకి చెప్పేవారు. నాకది గర్వంగానే ఉండేది, కాకపోతే కళ్ళు దిద్దిన రోజు అన్నం సయించేది కాదు.

నాలుగేళ్ళ తర్వాత ఒక సర్కారు మ్యూజియంలో పక్షుల ఫోటోలు తీసే ఉద్యోగం పడింది. కృష్ణ కిందిభాగంలో లంకలు, చెరువులు, సముద్రం ఒడ్డున మడ అడవులు తిరగాలి. బురదన్నా పాములన్నా భయపడి ఎవరూ రాలేదు కాబట్టి అది నాకు దక్కింది. బందరు స్నేహితులు నా ఉద్యోగానికి కొంగజపం అని పేరు పెట్టారు. తోట్లవల్లూరు లంకల్లో రైతులు నన్ను భూములు కొలిచే సర్వేయరు అనుకుని మజ్జిగ ఇచ్చి మంచి చేసుకోబోయేవారు. పిట్టల కోసం వచ్చానంటే నవ్వి, అసలు సంగతి చెప్పండి అనేవారు.

మొదటి ఏడాదే ఒక పాడు పని చేశాను. గుడివాడ దగ్గర ఒక చెరువులో, తుంగ మధ్య తెల్లకొంగలు గూళ్ళు పెట్టాయి. ఆకుపచ్చ గుడ్డతో చిన్న డేరా కట్టుకుని, నన్నెవరు చూస్తారులే అని పొద్దున్నే అందులోకి దూరాను. కొంగలు చూశాయి. నేను లోపల ఉన్నానని వాటికి తెలుసు. మధ్యాహ్నం దాకా పైన తిరుగుతూనే ఉన్నాయి గాని ఒక్కటీ గూట్లో వాలలేదు. నేనూ పంతానికి పోయి బయటికి రాలేదు. సాయంత్రం చూస్తే ఎండకి గుడ్లన్నీ చెడిపోయాయి. చేత్తో ముట్టుకుంటే వేడిగా ఉన్నాయి.

ఆ సంగతి దాచకుండా మా క్యూరేటరు గారికి రాశాను. ఆయన గొప్ప చదువరి, పక్షుల గురించి ఆయనకి తెలియనిది లేదు. మనుషుల విషయంలో మాత్రం తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. మరుసటి నెల స్వయంగా వచ్చి నాకు పని నేర్పారు. పక్షులకు లెక్కలు రావు, అది గుర్తుపెట్టుకో అన్నారు. డేరాలోకి ఇద్దరు వెళ్ళాలి, ఒకరు బయటికి వచ్చి అవతలికి వెళ్ళిపోవాలి. మనిషి వచ్చాడు, మనిషి పోయాడు, అంతే పక్షికి తెలిసేది. ఆయన చెప్పిన ఇంకో మాట నేను డైరీ మొదటి పేజీలో రాసుకున్నాను. "పక్షి వచ్చి నీ మీద వాలిన రోజున, దేవదానం, నీకు పని వచ్చినట్టు."

ఇద్దరు వెళ్ళి ఒకరు రావడం

అలా నాతో వచ్చి నన్ను వదిలి వెళ్ళే మనిషి ఏడుకొండలు. దివిసీమలో, నాగాయలంక దాటి పడవ మీద వెళ్తే వచ్చే ఒక చిన్న పల్లె అతనిది. సముద్రం మీద వేట వాళ్ళ కులవృత్తి. నేను వెళ్ళేనాటికి కొద్ది నెలలుగా అతను సముద్రం మీదికి వెళ్ళడం మానేసి, పాయల్లో దోనె నడుపుకుంటున్నాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. నోట్లో నాలుక లేని మనిషి. ఎందుకు వేట మానేశావని అడిగితే, మా అమ్మ వెళ్ళనివ్వదండి అని ఊరుకున్నాడు.

మడ అడవి చూడనివాళ్ళకి నాలుగు మాటలు. అక్కడ నేల నీళ్ళది, ఆరు గంటలకోసారి వచ్చి అడిగి తీసుకుంటుంది. ఆటు సమయంలో బురదలోంచి వేళ్ళు మేకుల్లా పైకి పొడుచుకుని ఉంటాయి. ఆ మేకుల మధ్య బురద చిటపటమంటూ ఉంటుంది. పీతలని తెలిసినా, ఎవరో పళ్ళు కొరుకుతున్నట్టుంటుంది. పోటు వచ్చేటప్పుడు అన్ని చప్పుళ్ళూ ఒక్కసారి ఆగిపోతాయి. పిల్లలు పుట్టిన కొంగల గూళ్ళ దగ్గరికి వెళ్తే, పురిటింట్లో పదిమంది పసివాళ్ళు ఒకేసారి ఏడుస్తున్నట్టు వినబడుతుంది. మొదటిసారి నేను బైబిలు చంకలో పెట్టుకుని కూర్చున్నాను.

ఏడుకొండలు నన్ను దింపి, దోనె తోసుకుంటూ వెళ్ళిపోయేవాడు. అతని తెడ్డు చప్పుడు వినపడనంత దూరం వెళ్ళాక పక్షులు దిగేవి. మనిషి లేడని అవి తీర్మానించుకున్న క్షణం స్పష్టంగా తెలిసేది. నా పక్కనే కూర్చుని ఈకలు దువ్వుకునేవి, పిల్లలకి చేపలు కక్కి పెట్టేవి. నేను ఊపిరి కూడా మెల్లగా తీసేవాణ్ణి. నాలుగైదు గంటలు అలా కూర్చుంటే ఒక చిత్రమైన భయం పట్టుకుంటుంది. చుట్టూ ఉన్న ఇన్ని ప్రాణులు నువ్వు లేవని నమ్ముతున్నప్పుడు, నీకూ అనుమానం వస్తుంది. ఏడుకొండలు తిరిగి వచ్చి అయ్యగారూ అని పిలిస్తే గానీ నాకు నా కాళ్ళు గుర్తొచ్చేవి కావు. ఈ మాట ఏ శిక్షణలోనూ మీకు చెప్పరు.

బొమ్మ

మూడో ఏడు వానాకాలంలో, పల్లెకి అరమైలు దూరంలో పాయ ఒడ్డున పొట్టి మడచెట్ల మీద పెద్ద కొంగల గుంపు గూళ్ళు పెట్టింది. ఒక చెట్టు మీద నారాయణపక్షులు కూడా ఉన్నాయి. డేరా కట్టడానికి చోటు లేదు, అంతా బురదే. క్యూరేటరు గారికి రాస్తే ఇంకో ఉపాయం చెప్పారు. గడ్డితో మనిషి బొమ్మ కట్టి చొక్కా తొడగాలి. దూరంగా నిలబెట్టి, రెండు రోజులకోసారి కాస్త దగ్గరికి జరపాలి. పక్షులు దానికి అలవాటు పడ్డాక ఆ చొక్కానే నేను తొడుక్కుని, బొమ్మ స్థానంలో నేను నిలబడాలి. నా దగ్గరున్నది పైనుంచి తల వంచి చూసే పెట్టె కెమెరా, పొట్ట దగ్గర పట్టుకుంటే సరిపోతుంది, చేతులు ఎత్తే పనే లేదు. పని అయ్యాక చొక్కా మళ్ళీ బొమ్మకి తొడగాలి.

ఇది చెప్పి, పాత చొక్కా ఒకటి ఉంటే ఇమ్మని ఏడుకొండల్ని అడిగాను. మనుషుల వాసన పట్టిన పాత చొక్కా అయితే మంచిదని కూడా అన్నాను, నా తెలివి కొద్దీ. అతను తలూపి దోనె ఎక్కాడు. మర్నాడు ఎర్ర గళ్ళ చొక్కా ఒకటి తెచ్చాడు. బొమ్మ నన్ను కట్టనివ్వలేదు, తనే కడతానన్నాడు. ఎక్కడినించో గడ్డి ఏరి తెచ్చి, ఒక పూటంతా కూర్చుని చేతులూ కాళ్ళూ తలా విడివిడిగా కట్టి కలిపాడు. ఆ పూట అన్నం తినలేదు. చొక్కా తొడిగి నిలబెట్టాక, పాయలో దిగి తల మునిగేలా మూడు మునకలు వేశాడు. నేను చూసి, పని మీద ఎంత శ్రద్ధ అనుకున్నాను. మా వాళ్ళలో అలాంటి ఆచారం లేదు కాబట్టి నాకు తట్టలేదు. తట్టకపోయినా అడగవచ్చు. అడగలేదు.

బొమ్మ బాగా కుదిరింది. పది రోజుల్లో గూళ్ళకి మూడు బారల దూరంలోకి తెచ్చాం. పదకొండో రోజు ఉదయం దోనెలోంచి చూస్తే, ఒక తెల్లకొంగ బొమ్మ కుడి భుజం మీద వాలి మెడ ముడుచుకుని నిద్రపోతోంది. ఎర్ర గళ్ళ చొక్కా వీపు, వంగిన తల, భుజం మీద కొంగ. దోనెలోంచే ఫోటో తీశాను. నా జన్మలో తీసిన ఫోటోల్లో అంత మంచిది ఇంకోటి లేదు.

ఫిలిం బందరు తీసుకెళ్ళి కడిగించి, ఒక ప్రింటు క్యూరేటరు గారికి పంపాను. ఆయన ఉప్పొంగిపోయి రాశారు. ప్రదర్శనలో గోడకి పెద్దది చేసి పెడతాననీ, అయితే కాలర్ దగ్గర, చేతుల దగ్గర గడ్డి కనపడుతోందనీ, అది కనపడకుండా దిద్దమనీ రాశారు. పక్షి మనిషిని నమ్మింది అని కింద రాయిస్తారట. అది అబద్ధం కదండీ అని నేను తిరిగి రాయలేదు. నా పాత పెన్సిళ్ళు బయటికి తీశాను. గడ్డి పోచలు మాయమయ్యాయి, మెడ వచ్చింది, చేతికి మణికట్టు వచ్చింది. స్టూడియో రోజుల తర్వాత అంత ఇష్టంగా చేసిన పని అదే.

పిలుపు

నేను చొక్కా తొడుక్కుని నిలబడటం మొదలుపెట్టి నాలుగో రోజు. మొలలోతు నీళ్ళు, సాయంత్రపు ఎండ. నా ముందు గూట్లో మొదటి గుడ్డు పగులుతోంది. అప్పుడు నా వెనక, పాయ అవతలి గట్టు మీదనించి ఒక ఆడగొంతు వినపడింది. పుల్లలు ఏరుకోవడానికి ఎవరో వచ్చినట్టున్నారు. ఏదో పేరు పెట్టి పిలుస్తోంది. నన్ను కాదు కదా అని ఊరుకున్నాను. మళ్ళీ పిలిచింది. పిలుపు పెరిగేకొద్దీ పక్షులు మెడలు చాచి చూడటం మొదలుపెట్టాయి. ఇంకోసారి అరిచిందంటే గుంపంతా లేచిపోతుంది. వెనక్కి తిరగకుండా, నోరు విప్పకుండా, కుడిచెయ్యి కొంచెం పైకెత్తి వెళ్ళిపొమ్మన్నట్టు ఊపాను.

పిలుపు ఆగిపోయింది. నాకు ప్రాణం కుదుటపడింది. గుడ్డులోంచి పిల్ల బయటికి రావడం ఆరు ఫోటోలు తీశాను.

మర్నాడు ఏడుకొండలు నన్ను దింపడానికి రాలేదు. పల్లెలోకి వెళ్ళి చూద్దును గదా, ఇంటి ముందు జనం. వాళ్ళ అమ్మ నాగమ్మ తెల్లవారుజామున పాయలో దిగిపోయిందట, ఆటు సమయం చూసి నడిచి దాటేద్దామని. నడుం దాకా బురదలో కూరుకుపోయి ఉంటే వలలకి వెళ్ళేవాళ్ళు చూసి లాగారు. ఇంకాస్త ఆలస్యమైతే పోటు వచ్చేసేది. ఆవిడ అరుగు మీద కూర్చుని ఉంది. కాళ్ళకి బురద ఎండిపోయి ఉంది, మొహం మాత్రం వెలిగిపోతోంది. పక్కన విస్తరాకులో అన్నం. తన చిన్న కొడుకు నాంచారయ్య అవతలి ఒడ్డున నిలబడి ఉన్నాడనీ, తను పిలిస్తే చెయ్యెత్తాడనీ, ఆకలేసి ఉంటాడనీ వచ్చినవాళ్ళకల్లా చెబుతోంది.

ఏడుకొండలు నన్ను వలల చావిడి వెనక్కి తీసుకెళ్ళాడు. అప్పుడు చెప్పాడు, అంతకు ముందెప్పుడూ చెప్పనిది. అన్నదమ్ములిద్దరూ ఒకే పడవలో వేటకి వెళ్ళారు, ముందటేడు కార్తీకంలో. అలకి పడవ తిరగబడింది. ఇతను బతికి ఒడ్డు చేరాడు, తమ్ముడు చేరలేదు. శవం దొరకలేదు. శవం దొరకనివాళ్ళకి గడ్డితో మనిషిని కట్టి, వాళ్ళ బట్టలే తొడిగి, కాల్చి కర్మ చేస్తారు వాళ్ళు. నాగమ్మ ఒప్పుకోలేదు. బతికున్నవాణ్ణి కాలుస్తారా అని గడ్డి మోపు పాయలో పారేసిందట. ఏడాదిన్నరగా ఆ ఇంట్లో రెండు పూటలా ఒక కంచం ఎక్కువ పెడుతోంది.

"మీరు గడ్డి మనిషి కావాలన్నారండి, పాత చొక్కా కావాలన్నారు. దేవుడే చెప్పించాడనుకున్నానండి. మీ సీజనయ్యాక ఎలాగూ తీసేస్తారుగా, అప్పుడు నేను సాటుగా కాల్చుకుందామనుకున్నా. ఆడికి నేను చేసుకోగలిగింది అదొక్కటేనండి."

ఆ ఎర్ర గళ్ళ చొక్కా నా ఒంటి మీద నాలుగు రోజులు ఉంది. సముద్రంలో ఉన్నవాడి బట్ట తొడుక్కుని, వాళ్ళ అమ్మ పిలిస్తే చెయ్యెత్తి పొమ్మన్నాను. ఇప్పుడే వెళ్ళి బొమ్మ పీకేద్దాం అన్నాను. ఏడుకొండలు వద్దన్నాడు. ఇప్పుడు అది కనపడకపోతే ఆడు మళ్ళీ పోయాడంటదండి, ఈసారి వెతుక్కుంటా నీళ్ళలోకే పోద్ది అన్నాడు. అతను చెప్పింది నిజమే. కానీ నేను వెంటనే సరే అనడానికి ఇంకో కారణం కూడా ఉంది. గుంపులో సగం గుడ్లు ఇంకా పగలలేదు. ఒక్క వారం దొరికితే నా సీజను పూర్తవుతుంది. ఇంటివాళ్ళు ఆవిణ్ణి కట్టేసినట్టు కాపలా కాస్తూ ఉంటే, నేను రెండు రోజులు వెళ్ళి మళ్ళీ ఆ చొక్కా తొడుక్కుని నిలబడ్డాను. దీన్ని ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆ రెండు రోజులూ అవతలి గట్టు మీద ఎవరూ లేరు, అయినా మెడ వెనక ఎవరో చూస్తున్నట్టే ఉండేది.

ఫోటో

మూడో రోజు నాగమ్మ తలుపు గడియ తీసుకుని మళ్ళీ నీళ్ళ దాకా వెళ్ళింది. కోడలు, ఏడుకొండలు భార్య, కేకలేస్తే పట్టుకొచ్చారు. ఇక నా వల్ల కాలేదు. ఎలా చెబితే నమ్ముతుంది అని ఆలోచిస్తే నాకు తోచిన ఉపాయం నా వృత్తిలోదే. ఫోటో అబద్ధం చెప్పదని లోకమంతా అనుకుంటుంది కదా, నేనూ అనుకున్నాను. అది కొడుకు కాదు, గడ్డిబొమ్మ అని చూపించడానికి నా పెట్టెలో ఉన్న ప్రింటు తీసుకుని వెళ్ళాను.

ఏడుకొండలు గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ పక్కన కూర్చుని, ఇదిగో అమ్మా నువ్వు చూసింది, దగ్గరినించి తీశాను చూడు అని చేతికిచ్చాను. ఇచ్చాక గుర్తొచ్చింది. అది నేను దిద్దిన ప్రింటు. గడ్డి లేదు. మెడ ఉంది, మణికట్టు ఉంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. వెనక్కి లాక్కుందామన్నా ఆవిడ రెండు చేతులతో పట్టుకుంది.

మొహం దగ్గరికి తెచ్చుకుని చూసింది. నాంచారయ్యకి జీవితంలో ఒక్క ఫోటో లేదు. "ఆడే," అంది. "సొక్కా నేను కుట్టించిందే. చూడు పెద్దోడా, తమ్ముడు చిక్కిపోయాడు." ఏడుకొండలు మొహం గోడకేసి తిప్పుకున్నాడు. నేను నిజం చెప్పాలి. అది నా పెన్సిలు, నీ కొడుకు కాదు అనాలి. అనలేదు. స్టూడియోలో ఎంతోమంది తల్లులు నా చేతిలోంచి ఇలాగే ఫోటో తీసుకుని, కళ్ళు తెరిచాడు అని ఏడ్చి దణ్ణం పెట్టేవారు. ఆ దణ్ణాలన్నీ నేను పుచ్చుకున్నాను.

ఎంతసేపు చూసిందో చెప్పలేను. పొయ్యి మీద గంజి పొంగి మంట ఆరిపోయినా కోడలు కదల్లేదు. నాగమ్మ బొటనవేలు ఫోటో మీద మెల్లగా జరుగుతూ, చొక్కా మీదుగా భుజం దాకా వెళ్ళి ఆగింది. అక్కడ కొంగ ఉంది.

"ఇదేంటి నాయనా?"

కొంగమ్మా అన్నాను. నిద్రపోతోందా అంది. అవునన్నాను. ఆవిడ ఫోటో ఒళ్ళో పెట్టుకుంది. పుట్టిన దగ్గర్నించి నీళ్ళ ఒడ్డున బతికిన మనిషి.

"బతికున్నోడి మీద కొంగ వాలదు బాబూ."

క్యూరేటరు గారు చెప్పిన మాట, నా డైరీ మొదటి పేజీలో ఉన్న మాట, అప్పుడు నా చెవుల్లో వినపడింది. ఆవిడ నా వైపు తిరిగింది.

"మరి చెయ్యెత్తిందెవరు?"

"నేనేనమ్మా. ఆ చొక్కా తొడుక్కుని నేనే నిలబడ్డాను. నువ్వు అరిస్తే పక్షులు లేచిపోతాయని చెయ్యి ఊపాను."

కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండేది. నా కుడిచెయ్యి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. చేపలు కోసే చెయ్యి ఆవిడది, గరుగ్గా ఉంది.

"పిలిస్తే పలకాలి నాయనా," అంది. "మనిషన్నోడు పలకాలి."

వాలిన కొంగ

బొమ్మని మర్నాడు పోటు మీద దోనెలో పడుకోబెట్టి తెచ్చాం. గూళ్ళలో పిల్లలున్నాయని నేను మాట్లాడలేదు, ఇంకొక్క రోజు ఆగుదామని అనలేదు. పాయ ఒడ్డున ఏడుకొండలు తమ్ముడికి నిప్పు పెట్టాడు. అంతకు ముందు నాగమ్మ తనే వచ్చి, చొక్కా గుండీలు రెండు ఊడి ఉంటే అవి పెట్టి పక్కకి జరిగింది. మా మతంలో అది లేకపోయినా నేనూ తల మీద గుడ్డ వేసుకుని నిలబడ్డాను. తిరిగి వెళ్ళేటప్పుడు ఆవిడ ఫోటో నా చేతిలో పెట్టేసింది. ఇది ఆడు కాదుగా, నువ్వు తీసుకుపో అంది. ఆ రాత్రి వాళ్ళింట్లో కంచం ఒకటి తక్కువ పెట్టిందని ఏడుకొండలు తర్వాత చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

ప్రదర్శనలో ఆ ఫోటో పెట్టవద్దని క్యూరేటరు గారికి రాశాను. గడ్డి దిద్దేసిన సంగతి, కింద రాయబోయే మాట అబద్ధమన్న సంగతీ రాశాను. ఆయన ఒప్పుకోలేదు. ఫోటో గోడకెక్కింది, చాలామంది చూసి మెచ్చుకున్నారు. పైవాడు చెప్పాడని చేశానని నేను అనను. పెన్సిలు పట్టుకున్నది నేను. కొత్తగా ఈ పనికి వచ్చేవాళ్ళు ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. లేని మెడ ఒక్కసారి దిద్దారంటే, దాన్ని నిజమనుకునేవాళ్ళు ఎక్కడో ఒకరు ఉంటారు, వాళ్ళెవరో మీకు తెలియదు.

ఇంకో సంగతి చెప్పాలి, నమ్మినా నమ్మకపోయినా. బొమ్మ తీసేశాక కూడా కొంగలు ఆ జాగా ముట్టుకోలేదు. చుట్టుపక్కల వేళ్ళ మీద, కొమ్మల మీద ఇసకేస్తే రాలనట్టు కూర్చునేవి. బొమ్మ నిలబడిన చోటు మాత్రం మనిషంత ఖాళీగా ఉండేది. ఆ సీజను చివరిదాకా దూరంనించి చూస్తే, తెల్లటి గుంపు మధ్య ఎవరో నిలబడి ఉన్నట్టే కనపడేది. దాన్ని ఫోటో తీయలేదు.

ఆ తర్వాత నాలుగైదేళ్ళు ఆ పాయల్లోనే తిరిగాను. ఏడుకొండలే దింపేవాడు. నాగమ్మ ఒక చలికాలంలో పోయింది, జ్వరంతో, ఇంట్లోనే. ఆ మరుసటి వానాకాలం, అదే ఒడ్డున, నా సొంత చొక్కాతో కెమెరా పొట్టకి ఆనించుకుని నిలబడి ఉన్నాను. ఏడుకొండలు వెళ్ళి రెండు గంటలైంది. నీళ్ళు మొలదాకా వచ్చి ఆగాయి. చప్పుళ్ళన్నీ ఆగిపోయే ఆ ఘడియ వచ్చింది. తల మీదుగా నీడ ఒకటి పోయింది. కుడి భుజం మీద బరువు పడింది.

నేను కదల్లేదు. చొక్కాలోంచి గోళ్ళు గుచ్చుకుంటున్నాయి. కొంగ రెండు అడుగులు వేసి సర్దుకుని, మెడ ముడుచుకుంది. దాని ఒంటి వెచ్చదనం నా చెంపకి తగులుతోంది. క్యూరేటరు గారు చెప్పిన రోజు అదే. ఇన్నేళ్ళ కొంగజపం ఫలించింది. నాకు మాత్రం గుండె ఆగిపోయేంత భయం వేసింది. ఊపిరి తీస్తున్నానో లేదో తెలియలేదు. నా చేతులు చూసుకుంటే ఎవరో కట్టి పెట్టినట్టున్నాయి.

అప్పుడు వెనకనించి, అవతలి గట్టు మీదనించి, ఒక పిలుపు వినపడింది. వినపడిందనే అనుకుంటున్నాను. ఏం పేరో తెలియలేదు, నా పేరయితే కాదు.

నేను పూర్తిగా వెనక్కి తిరిగాను. "ఆఁ," అని గొంతు చించుకుని పలికాను. "ఆఁ, ఇక్కడే ఉన్నాను."

గుంపంతా ఒక్కసారిగా లేచి ఆకాశం తెల్లబడిపోయింది. భుజం మీది కొంగ నా చెవి పక్కనించి రెక్క కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. ఆ రోజు ఒక్క ఫోటో కూడా రాలేదు. అవతలి గట్టు మీద చూశాను. ఎవరూ లేరు. అయినా చెయ్యి ఊపలేదు. ఏడుకొండలు దోనెతో వచ్చేదాకా, ఎవరైనా వింటే విననీ అని, అలా పలుకుతూనే ఉన్నాను.